నాట్ల మడిలో నొప్పుల బిళ్ళ

నాట్లు మొదలయ్యాయంటే చాలు, మన పల్లెల్లో కిరాణా కొట్ల ముందు పొద్దున్నే ఒక దృశ్యం కనిపిస్తుంది. వక్కాకు కొనుక్కునే చేత్తోనే ఆడకూలీలు నాలుగు నొప్పుల బిళ్ళలు కూడా కొని కొంగున ముడి వేసుకుంటారు. పనిలోకి దిగేముందు ఒకటి, మధ్యాహ్నం సద్ది తిన్నాక ఒకటి, రాత్రి పడుకునేముందు మరొకటి. పొద్దస్తమానం బురదలో నడుము వంచి నాటేవాళ్ళకు నొప్పి రాదా? వస్తుంది. బిళ్ళ వేసుకున్నందుకు వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళలో అయిదో నెల, ఏడో నెల గర్భిణీలు కూడా ఉంటున్నారు. తల్లి మింగిన బిళ్ళ కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఈ మాట వాళ్ళకు కొట్టువాడు చెప్పడు, మేస్త్రి చెప్పదు, సర్కారు అసలే చెప్పదు. అందుకే ఈ వారం కూలి రేట్ల సంగతి కాస్త పక్కన పెట్టి ఈ బిళ్ళల సంగతి మాట్లాడుకుందాం. చివరికి వచ్చేసరికి ఇది కూడా కూలి సంగతేనని తేలుతుంది.

ఒక ఊరి అనుభవం

మేము సంఘం పని మీద తిరిగే ఊళ్ళలో ఒకచోట ఏడో నెల గర్భిణి ఒకామె నాట్లకు వెళుతూ ఉండేది. ఊరూరా జరిగేదే కాబట్టి మేమూ పట్టించుకోలేదు. అది మా తప్పు. ఒకరోజు ఆమెకు స్కానింగు తీస్తే ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందన్నారు. లేడీ డాక్టరు ఓపిగ్గా అడిగితే బయటపడింది: మూడు వారాలుగా రోజుకు రెండు మూడు నొప్పుల బిళ్ళలు వేసుకుంటోంది. బిళ్ళల పేరేమిటో ఆమెకు తెలియదు. కత్తెరతో ముక్కలుగా కోసి ఇచ్చిన అట్ట మీద పేరు సగమే ఉంది. డాక్టరు ఆ బిళ్ళ మాన్పించి, వారం వారం పరీక్ష చేస్తూ వచ్చింది. నీరు పెరిగింది, బిడ్డ దక్కింది. ఇంకో నెల ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని ఆ డాక్టరే అన్నది.

"ఎందుకమ్మా అన్ని బిళ్ళలు మింగావు?" అని మేము అడిగితే ఆమె చెప్పిన జవాబు మాకిప్పటికీ గుర్తుంది. "ఏం చేయమంటావన్నా, గుత్తకు పట్టిన నాటు. నా చాలు వెనకబడితే ముఠా అంతా ఆగాలి. రేపటి నుంచి మేస్త్రి నన్ను పిలవదు."

ఈ జవాబులోనే మన సమస్య అంతా ఉంది.

ఏ బిళ్ళ ఏం చేస్తుంది?

మేము డాక్టర్లం కాము. డాక్టర్లనూ ఏఎన్ఎంలనూ అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మన కొట్లలో దొరికే నొప్పుల బిళ్ళల్లో ఎక్కువ భాగం ఒక జాతివి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ వగైరా. పైపేర్లు వందల్లో ఉంటాయి. చాలావాటిలో వీటితోపాటు పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. అందుకని "జ్వరం బిళ్ళే కదా" అని నమ్మించి అంటగడతారు.

కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు అయిదో నెల దాటాక ముఖ్యంగా బిడ్డ మూత్రపిండాల నుంచే తయారవుతుంది. ఈ జాతి బిళ్ళలు ఆ మూత్రపిండాల పనిని దెబ్బతీస్తాయి, నీరు తగ్గిపోతుంది. 20 వారాలు దాటిన గర్భిణీలు వీటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. ఏడో నెల దాటాక ఇంకో ప్రమాదం ఉంది. బిడ్డ గుండె దగ్గర, పుట్టేదాకా తెరిచి ఉండవలసిన రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు. మొదటి నెలల్లో కూడా డాక్టరు చెప్పనిదే వీటి జోలికి పోకూడదు. పైన పూసుకునే డైక్లోఫెనాక్ మలామును కూడా అడగకుండా వాడవద్దు.

ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి. బీపీ పెరిగే ప్రమాదం ఉన్న కొందరు గర్భిణీలకు చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను డాక్టర్లే రాస్తారు. అది వేరు. ఈ వ్యాసం చదివి దాన్ని మానవద్దు. అలాగే ఫిట్సు, థైరాయిడ్, షుగరు, బీపీ మందులు వాడుతున్నవాళ్ళు కడుపు అని తెలియగానే భయపడి వాటిని ఆపేయకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి. మార్చవలసిన మందు ఉంటే వారే మారుస్తారు.

మరి జ్వరం వస్తే, నొప్పి వస్తే?

గర్భిణీలకు డాక్టర్లు ఎక్కువగా ఇచ్చేది ఉట్టి పారాసిటమాల్. 500 గానీ 650 గానీ ఒక బిళ్ళ, మళ్ళీ వేసుకోవాలంటే ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుకు మించకుండా. అదీ అవసరమైన రోజులే. పనికి వెళ్ళేముందు "ముందు జాగ్రత్తగా" వేసుకునేది కాదు.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, గర్భిణీలు పారాసిటమాల్ వాడితే పిల్లలకు ఆటిజం వస్తుందన్నట్లు మాట్లాడాడు. ఆ మాట సెల్‌ఫోన్లలో మన ఊళ్ళకూ చేరింది. అలాంటి సంబంధం ఉందని చెప్పే గట్టి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వారంలోనే ప్రకటించింది. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు తీసుకుని, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూసిన పరిశోధన 2024లో వచ్చింది. అందులోనూ సంబంధం కనబడలేదు. ఒళ్ళు కాలిపోతుంటే బిళ్ళ వేసుకోకుండా పడుకోవడం కూడా బిడ్డకు చేటే.

జలుబు బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జలుబు బిళ్ళ, దానిపై జ్వరం బిళ్ళ వేసుకుంటే ఒకే మందు రెండింతలు పడుతుంది. ముక్కు దిబ్బడ తగ్గించడానికి వాటిలో కలిపే మందు బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు. ఆవిరి పట్టడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం చాలావరకు సరిపోతాయి. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలుపుకుని తాగాలి. "గట్టి మందు" అంటూ ఇచ్చే యాంటీబయాటిక్‌లు ఎవరూ సొంతంగా వేసుకోకూడదు. వాటిలో టెట్రాసైక్లిన్ జాతివి బిడ్డ పళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తాయి. పసరు మందైనా, భస్మమైనా అది కూడా మందే. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. ఆకులు, వేళ్ళు కాబట్టి హాని లేదనుకోవద్దు.

ఇంకొక విచిత్రం చూడండి. తప్పకుండా మింగవలసిన బిళ్ళను మనవాళ్ళు చూరులో దాచిపెడుతున్నారు. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర ఐరన్ బిళ్ళలు గర్భిణికి 180 రోజులు వేసుకోవాలి. వికారం వస్తుందనీ, విరేచనం నల్లగా అవుతుందనీ మానేస్తున్నారు. నల్లగా అవడం వల్ల ప్రమాదం ఏమీ లేదు. అన్నం తిన్న గంటా రెండు గంటల తరువాత, టీ తాగకుండా వేసుకుంటే సరి. గ్యాసు బిళ్ళతో కలిపి వేసుకోకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణీల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసం, కాళ్ళ పీకుడు, నీరసం చాలామందిలో ఈ రక్తం లేకపోవడం వల్లనే. దానికి నొప్పుల బిళ్ళ వేసుకుంటే కడుపులో పుండు పడి ఉన్న కాస్త రక్తమూ పోయే ప్రమాదం ఉంది.

బిళ్ళతో అణచకూడని నొప్పులు

కార్యకర్తలు ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి, ఊరూరా చెప్పాలి. అయిదో నెల దాటిన గర్భిణికి విడవని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖమూ చేతులూ వాయడం, డొక్కపైన నొప్పి ఉంటే అది బీపీ పెరిగిన గుర్తు. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే ఫిట్సుకు అది ముందు మెట్టు. తలనొప్పి బిళ్ళ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాల మీదికీ రావచ్చు. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, ఒక రోజు దాటి జ్వరం ఉన్నా, మూత్రంలో మంట ఉన్నా ఇదే మాట. బిళ్ళ కోసం కొట్టుకు పోవద్దు, ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోన్ చేయాలి.

మందు కొట్టిన మిరప చేలో, పత్తి చేలో దిగాక తల తిరిగి వాంతి వస్తే దానికీ బిళ్ళ మందు కాదు. గర్భిణిని ఆ చేలో నుంచి బయటకు తీసుకురావాలి, ఒళ్ళు కడిగించాలి, డాక్టరుకు చూపించాలి.

ఎవరి లాభం?

చీటీ లేకుండా అమ్ముకోవచ్చు అనే మందుల కోసం మన దేశపు చట్టంలో ప్రత్యేకమైన తరగతి అంటూ లేకుండానే దశాబ్దాలు గడిచాయి. 1945 నాటి ఔషధ నిబంధనల్లో వెయ్యి లోపు జనాభా ఉన్న పల్లెల్లో పారాసిటమాల్, ఆస్పిరిన్, తలనొప్పి బామ్ వంటి కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకుండా అమ్మనిచ్చారు. ఆ సందులోంచి డైక్లోఫెనాక్ కూడా కిరాణా కొట్టెక్కింది. నిజానికి డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ మీదే అమ్మాలి. అలాంటి మందుల అట్ట మీద ఎర్ర నిలువు గీత ఉంటుంది. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అట్టను ముక్కలు చేసి అమ్మేసరికి అదీ పోతుంది.

కొట్టువాడు చిన్నవాడు, వాడి బతుకూ అంతంతే. వాడి వెనక ఉన్న కంపెనీల సంగతి చూడాలి. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందును ఏ ప్రమాదమూ లేనిదని, చీటీ అక్కరలేదని ప్రచారం చేసి అమ్మారు. గర్భిణీలు వేవిళ్ళకు వాడారు. 1961 నవంబరులో దాన్ని అక్కడి మార్కెట్టు నుంచి తీసేసే నాటికి అనేక దేశాల్లో చేతులు, కాళ్ళు సరిగా లేని బిడ్డలు పుట్టారు. వారి సంఖ్య పదివేలు దాటిందని అంచనా. కంపెనీ ఆ బిడ్డలకు క్షమాపణ చెప్పింది 2012లో! అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని పట్టుబట్టి అనుమతి ఇవ్వలేదు. ఒక్క నిజాయితీ గల ఉద్యోగిని ఎంతమంది బిడ్డలను కాపాడగలదో చూడండి. మన మండలాల్లో మందుల షాపులను తనిఖీ చేయడానికి వచ్చే ఇన్‌స్పెక్టర్లను మీలో ఎంతమంది చూశారు?

నొప్పి ఎక్కడ పుడుతోంది?

బిళ్ళ ప్రమాదమని చెప్పి ఊరుకుంటే అది బోధ అవుతుందే గానీ పరిష్కారం కాదు. ఏడో నెలలో ఆ చెల్లెలు నాటుకు ఎందుకు పోయింది? ఇంట్లో కూర్చుంటే కూలి లేదు కాబట్టి. అంత వేగంగా ఎందుకు నాటింది? పని గుత్తకు పట్టింది కాబట్టి. ఎకరానికింత అని గుత్త పెట్టినప్పుడు భూస్వామి అదిలించనక్కరలేదు. ముఠాయే ఒకరినొకరు తరుముకుంటుంది. కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళ నుంచి గుంటూరు మిరప కోతలకు వలసపోయే ఆడవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. ఆశా కార్యకర్త సొంత ఊళ్ళో, వీళ్ళు చేలగట్ల మీది గుడిసెల్లో. వీళ్ళకు ఐరన్ బిళ్ళ అందదు, నొప్పి బిళ్ళ మాత్రం అందుతుంది.

1961 ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి 26 వారాల జీతంతో సెలవు ఇచ్చారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో దాన్ని కలిపేశారు. ఆఫీసులో, ఫ్యాక్టరీలో పనిచేసే తల్లికి అది న్యాయమే, అక్కడ పోరాడి సాధించుకున్నదే. కానీ ఊళ్ళో రోజుకొక చేలో పనిచేసే కూలి తల్లికి యజమాని ఎవరు? ఆ సెలవు ఆమె దాకా రాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. 2017లో వచ్చిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకు ఇస్తున్నది అయిదు వేలు. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే ఆరు వేలు. అది కూడా ఆధార్, బ్యాంకు ఖాతా చిక్కులన్నీ దాటాక. చట్టం ఒకటి రాస్తే పథకం ఇంకొకటి ఇస్తోంది. ఈ డబ్బుతో ఎన్నాళ్ళు ఇంటిపట్టున ఉండగలదో పాలకులే లెక్క వేసి చెప్పాలి.

మన కర్తవ్యం

సంఘం శాఖలు ఈ సీజనులోనే కొన్ని పనులు చేయవచ్చు.

ఒకటి, ముఠా కూర్చుని కట్టుబాటు చేసుకోవాలి. అయిదో నెల దాటిన గర్భిణికి నారు అందించడం, కట్టలు లెక్కపెట్టడం వంటి తేలిక పని ఇవ్వాలి, కూలి వాటా మాత్రం తగ్గించకూడదు. ఇవాళ ఆమె, రేపు ఇంకొకరు. మేము చెప్పిన ఊళ్ళో ముఠా ఈ కట్టుబాటు చేసుకుంది. మొదట గొణిగినవాళ్ళే ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నారు.

రెండు, కొట్టువాళ్ళతో, ఆర్ఎంపీలతో తగవు పెట్టుకోకుండా మాట్లాడాలి. కడుపుతో ఉన్నామని చెప్పినవారికి నొప్పుల బిళ్ళ ఇవ్వవద్దనాలి. ఆడవాళ్ళు కూడా ఏ మందు కొన్నా "నేను కడుపుతో ఉన్నాను" అని ముందు చెప్పాలి, పేరున్న అట్టతోనే తీసుకోవాలి.

మూడు, ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణీలకు ఉచిత పరీక్ష ఉంటుంది. ఆ రోజు ముఠాలో గర్భిణికి పని లేదని ముందే చెప్పుకోవాలి, వెంట ఒకరు వెళ్ళాలి. వాడుతున్న బిళ్ళలన్నీ గుడ్డ సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టాలి.

నాలుగు, అధికారుల ముందు పెట్టవలసిన డిమాండ్లు: చట్టం ప్రకారం ప్రతి కాన్పుకూ ఆరు వేలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలి. వ్యవసాయ కూలీ తల్లులకు కూలి నష్టపోకుండా సెలవు కావాలి. మందుల అట్టలపై గర్భిణీలకు హెచ్చరిక తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. పీహెచ్‌సీలో మందులూ డాక్టరూ రెండూ ఉండాలి. వలస కూలీల గుడిసెల దగ్గరికి ఏఎన్ఎంలు రావాలి.

వచ్చే నాట్ల నాటికి మన ఊళ్ళో ఏ గర్భిణి కొంగునా నొప్పుల బిళ్ళ ముడి ఉండకూడదు. ఆ ముడి విప్పే పని బోధతో సగమే అవుతుంది. మిగతా సగం కూలి, విశ్రాంతి, ప్రసూతి హక్కు సాధించుకుంటేనే అవుతుంది.