దొంగల కులాన్ని ఎవరు పుట్టించారు?

ఊళ్ళో కరెంటు మోటారు పోయినా, గుళ్ళో హుండీ పగిలినా పోలీసు జీపు ముందుగా ఎటు పోద్దో మనకందరికీ తెలుసు. ఎరుకల గుడిసెల మీదికే. మగవాళ్ళని ఎక్కించుకుపోతారు, ఆడవాళ్ళని నోటికొచ్చినట్టు తిడతారు. అప్పుడు పల్లెలో మాలలం, మాదిగలం ఏం చేస్తున్నాం? "వాళ్ళ కులమే అంత" అనుకుని తలుపులేసుకుంటున్నాం. పెద్దకులాలోళ్ళు మన గురించి అనే మాటే ఇది. ఇంకోడి మీదికొచ్చేసరికి మన నోటికి తియ్యగా ఉంది.

ఆ మాట పుట్టిన చోటు చూద్దాం. ఎరుకలవాళ్ళు సముద్రపొడ్డున ఉప్పు కొని, ఎడ్ల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. బుట్టలల్లేవాళ్ళు, పందుల్ని మేపేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు. తెల్లదొరలు ఉప్పు మీద పన్నేశారు. రైలొచ్చింది, ఉప్పు బస్తాలు అందులో పోయాయి. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చాక వెదురుకీ ఆంక్షలే. బతుకుతెరువు లాక్కున్నవాడే, వీళ్ళకి బతుకుతెరువు లేదు కాబట్టి దొంగలే అయ్యుంటారని తేల్చాడు.

1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఆ దొరల వాదం వినండి: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు. మనువు చెప్పిందే దొర ఇంగ్లీషులో రాసుకున్నాడు, అంతే. 1911లో ఈ చట్టాన్ని మన మద్రాసు రాజధానికీ తెచ్చారు. వేలిముద్రలు, పోలీసు ముందు హాజరు, ఊరు దాటాలంటే పాసు. లెక్కలోకెక్కిన జాతివాడికి రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకి తగ్గకూడదు, మూడోసారైతే యావజ్జీవం ద్వీపాంతరం. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసే అధికారం కూడా రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఇలా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్మెంటు అది, పేరు ఒక దొరది. కాపలాలో పెట్టిన ఆ జనం చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. సంస్కరణ అంటే ఇదన్నమాట.

ఇక వాళ్ళ సంస్కృతి సంగతి. 1892లో ముల్లాలీ అనే పోలీసు దొర మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గాల మీద పుస్తకమే రాశాడు. వాళ్ళ కట్టూబొట్టూ, ఆచారాలూ, మాటా అన్నీ నేరం ఆనవాళ్ళే. ఎరుకల భాష తమిళానికి దగ్గరి భాష, ఇంట్లో తల్లి బిడ్డతో మాట్లాడుకునే భాష. పోలీసోడికి అర్థం కాకపోతే అది దొంగల భాష! వెంకటేశ్వరస్వామి ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికెళ్ళాడంటే చేతులెత్తి మొక్కుతాం. నిజం ఎరుకలామె బుట్ట పట్టుకుని వీధిలోకొస్తే బిందె లోపల పెట్టుకుంటాం.

వాళ్ళలో దొంగలే లేరా అంటారు. ఉన్నారు, అన్ని కులాల్లో ఉన్నట్టే. పేరు చెప్పగానే పని ఇవ్వనంటే, రాత్రయితే హాజరు చెప్పుకోవాలంటే, చెయ్యని దొంగతనానికీ దెబ్బలు తప్పవంటే కొందరు ఆ దారి పట్టారు. అది రక్తంలోంచి వచ్చింది కాదు. స్టువర్టుపురానికి ఎంతో దూరంలేని కారంచేడులో 1985లో మనవాళ్ళని నరికారు. 1991లో చుండూరులో చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చంపినవాళ్ళ కులాన్ని నేరస్థ జాతి అని ఏ పోలీసు రాశాడు? వాళ్ళ సంస్కృతి మీద ఏ దొర పుస్తకం రాశాడు?

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చి కూర్చుంది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ 1962లో అలవాటు నేరస్థుల చట్టం. చొక్కా మార్చారు, ఒళ్ళు అదే. మనం తిట్టుకునే 'కేడీ' కూడా పోలీసు రిజిస్టర్లో మాటే. సినిమావాళ్ళయితే 1991లో ఒకే ఏడు స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలు తీశారు, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' తీశారు. ఆ ఊరి పిల్లోడు ఉద్యోగానికెళ్ళి ఊరు పేరు చెప్పడానికి ఎందుకు జంకుతాడో ఆ దర్శకుల్ని అడగాలి.

బళ్ళో కూడా ఇదే. నేను పనిచేసిన ఒక బళ్ళో పరీక్ష ఫీజు డబ్బులు కనపడలేదు. అడక్కుండానే ఎరుకల పిల్ల సంచి దులిపారు. పిల్ల ఏడవలేదు, పుస్తకాలు ఏరుకుంది. డబ్బులు సాయంత్రానికి ఆఫీసు బీరువాలోనే దొరికాయి. పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను స్టాఫ్‌రూంలో గొడవపెట్టుకుంటే "మాస్టారూ, మీకన్నీ కులంలాగే కనపడతాయి" అన్నారు. ఆ పిల్ల తర్వాత వారం బడికి రాలేదు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో చెప్పింది: జైల్లో కులాన్నిబట్టి పనులు పంచడం చెల్లదు, విముక్త జాతులవాళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా పోలీసులు చూసుకోవాలి. తీర్పు ఢిల్లీలో ఉంది, జీపు మన ఊళ్ళో ఉంది. కాబట్టి సంఘం కార్యకర్తలకి చెప్పేది ఒక్కటే. ఈసారి ఎరుకలవాడిని తీసుకుపోతే, మన పల్లె నుంచి నలుగురు ఆ రాత్రికే స్టేషన్‌కి పోవాలి. అరెస్టు కాగితం చూపించమనండి, ఇంటివాళ్ళకి కబురు చేశారా అని అడగండి, ఎన్ని గంటలకి తెచ్చారో రాసుకోండి. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. పోయేటప్పుడు ఎరుకల ఇళ్ళలోంచి కూడా ఇద్దరిని వెంటపెట్టుకుని పొండి. మాట్లాడేది వాళ్ళు, పక్కన నిలబడేది మనం.