అందరికీ వినపడేలా అడగండి

ఐటీ కొలువుల్లో ‘కేటీ’ అనే తంతు ఒకటుంది. ప్రాజెక్టు వదిలిపోతున్న సీనియర్ తనకు తెలిసిందంతా కొత్తవాళ్లకు అప్పజెప్పి వెళ్లాలి. ఇంటి నుంచి పని మొదలయ్యాక అది కాస్తా నాలుగు స్క్రీన్ షేర్లకు కుదించుకుపోయింది. కాల్ రికార్డవుతుంది, లింకు మెయిల్లో వస్తుంది, నేర్పడం పూర్తయినట్టు టిక్కు పడుతుంది. తీరా అర్ధరాత్రి ప్రొడక్షన్లో జాబ్ ఆగిపోతే ఆ రికార్డింగులో లేనిదే కావాల్సొస్తుంది. ముందు ఏ లాగ్ చూడాలి? ఎవరిని నిద్ర లేపాలి? క్లయింటుకు ఎంతవరకు చెప్పాలి?

ఇవి ఎవరూ కూర్చోబెట్టి చెప్పేవి కావు. పక్క సీటాయన ఫోన్లో వాదిస్తుంటే చెవిన పడేవి. 2025కల్లా ఒక సమయంలో పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో ప్రకటించిన టీసీఎస్, 2023లో వారానికి ఐదు రోజులూ రమ్మంది. కొత్తగా చేరినవాళ్లు పాతవాళ్ల మధ్య మెలగాలన్నది ఇలాంటి పిలుపులన్నిటి వెనుకా వినిపించే వాదన.

ఆ వాదనలో నిజం లేకపోలేదు. ఇమాన్యుయేల్, హారింగ్టన్, పాలే అనే ముగ్గురు అమెరికా ఆర్థికవేత్తలు ఒక పెద్ద సంస్థలోని ఇంజనీర్ల కోడ్ రివ్యూలు పరిశీలించారు. టీమంతా ఒకే భవనంలో ఉంటే ఒకరి కోడ్ మీద ఒకరు ఎక్కువ వ్యాఖ్యలు రాశారు. ఎక్కువ లాభపడింది చిన్నవాళ్లు. ఖర్చు భరించింది సీనియర్లు, వాళ్ల సొంత కోడ్ తగ్గింది. ఇంకో సంగతీ తేలింది. టీములో ఒక్కరు దూరంగా ఉన్నా, దగ్గరున్నవాళ్ల మధ్య కూడా ఆ వ్యాఖ్యలు తగ్గాయి.

గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటసేపు నలిగి ఆఫీసుకొచ్చి, హెడ్‌సెట్ తగిలించుకుని పుణే, డల్లాస్‌లతో మాట్లాడి ఇంటికెళ్లే కుర్రాడికి ఇదేమీ కొత్త విషయం కాదు. హాజరు పడింది, చదువు మాత్రం రాలేదు.

దూరం ఒక్కటే దోషి అయితే జిరాక్స్ కంపెనీ మెకానిక్కులు ఎలా నేర్చుకున్నట్టు? ఎవరి బండిలో వాళ్లు ఊరంతా తిరిగి యంత్రాలు బాగుచేసేవాళ్లు. మాన్యువల్‌లో లేని మరమ్మతులు ఒకరికొకరు కథలుగా చెప్పుకునేవాళ్లని వాళ్లతో తిరిగిన పరిశోధకుడు జూలియన్ ఓర్ గమనించి 1996లో పుస్తకమే రాశాడు. కంపెనీ వాళ్లకు ఎప్పుడూ ఆన్‌లో ఉండే రేడియోలిచ్చింది. ఒకడు చిక్కులో పడి అడిగితే అందరూ వినేవాళ్లు, తెలిసినవాడు పలికేవాడు. కొత్తవాడు నోరు మెదపకుండానే నేర్చుకునేవాడు.

మనం చేస్తున్నది దానికి నేరుగా వ్యతిరేకం. ‘అన్నా, ఫ్రీయా?’ అని ఫ్రెషర్ విడిగా పింగ్ చేస్తాడు. ఎప్పటికో జవాబొస్తుంది, ఇద్దరి చాట్‌లోనే పూడిపోతుంది. వచ్చే నెల ఇంకొకరు అదే ప్రశ్నతో అదే అన్న తలుపు తడతారు. తెలియదన్న సంగతి పదిమందిలో బయటపడుతుందన్న బెరుకు కుర్రాళ్లది. ఆ బెరుకు పోవాలంటే ముందు సీనియర్లే తమ సందేహాలు టీమ్ చానెల్లో అడగాలి. ప్రొడక్షన్ కాల్‌లో, పని లేకపోయినా, ఒక జూనియర్‌ని ఊరికే విననివ్వాలి.

మేనేజర్లకు ఒక మాట. నేర్పిన గంటకు మీ టైమ్‌షీట్లో కోడ్ లేదు, అప్రైజల్లో మార్కూ లేదు. సీనియర్ విసుక్కుంటున్నాడంటే తప్పు అతనిది కాదు. పంచింగ్ గేటు దగ్గర హాజరు లెక్కించే ముందు ఆ గంటను లెక్కలోకి తీసుకోండి.