లక్నవరం ద్వీప విడుదులు - సందర్శకుల అభిప్రాయాలు

లక్నవరం ద్వీప విడుదులు తెలంగాణ రాష్ట్రం, ములుగు జిల్లా, గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు మధ్య పర్యాటకుల కొరకు ఏర్పాటు చేసిన వసతి గృహాలు. ఈ ప్రాంతం 2016 వరకు వరంగల్ జిల్లాలోను, ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉండి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. జిల్లాలు మారినప్పటికీ వరంగల్ నగరవాసులకు సెలవు దినాలలో వెళ్ళే ముఖ్యమైన జలవిహార కేంద్రంగా లక్నవరం కొనసాగుతున్నది. చెరువులోని మూడవ ద్వీపంలో 2024 నవంబరులో కొత్త విడిది ప్రారంభమైనది. అప్పటినుండి ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అయిన చెరువులో కొంత భాగం డబ్బు చెల్లించినవారికే పరిమితం కావడం ఎంతవరకు సమంజసమనే ప్రశ్న ముందుకు వచ్చింది. నౌకావిహార సంస్థలు తమ ప్రయాణికుల కొరకు సొంతంగా ఏర్పరచుకున్న సముద్రతీరాల విషయంలోనూ ఇటువంటి ప్రశ్నే ఉన్నది.

నేపథ్యం

లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. పాకాల, రామప్ప, గణపురం చెరువులతో పాటు ఓరుగల్లు రాజ్యపు పెద్ద జలాశయాలలో ఇది ఒకటి. కొండల మధ్యనున్న మూడు ఇరుకైన లోయలకు అడ్డంగా చిన్న కట్టలు వేసి దీనిని నిర్మించారు. మిగిలిన వైపులా కొండలే కట్టలుగా ఉపయోగపడ్డాయి. నీరు నిండినప్పుడు మునగని గుట్టల శిఖరాలు ద్వీపాలుగా మిగిలాయి. పర్యాటక శాఖ ప్రచురణలు ఈ చెరువు విస్తీర్ణాన్ని సుమారు 10,000 ఎకరాలుగా, ద్వీపాల సంఖ్యను 13గా పేర్కొంటాయి.

ఈ చెరువును సేద్యం కొరకు తవ్వించారు. నేటికీ దీని కింద వరి పొలాలున్నాయి. విహారయాత్ర ఈ చెరువుకు తరువాత కలిగిన ప్రయోజనం. ద్వీపాల గురించిన చర్చలో ఈ విషయం గుర్తుంచుకోవలసి ఉన్నది.

ద్వీపాల అభివృద్ధి

మొదట కట్ట నుండి సమీపంలోని ద్వీపానికి వేలాడే వంతెన నిర్మించారు. దీని పొడవు సుమారు 160 మీటర్లు. తరువాత మరొక ద్వీపానికి కూడా వంతెన వేశారు. పర్యాటక సంస్థ వారి హరిత విడిది, భోజనశాల, పడవ షికారు ఈ దశలో ఏర్పడ్డాయి. ప్రవేశ రుసుము చెల్లించినవారు ఎవరైనా వంతెన మీదుగా నడిచి వెళ్ళి, కొంతసేపు గడిపి తిరిగి రావచ్చును.

మూడవ ద్వీపపు తీరు వేరు. రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ దీనిని ఒక ప్రైవేటు సంస్థ భాగస్వామ్యంతో తీర్చిదిద్దింది. ఇందులో నీటి అంచున కుటీరాలు, ఈత కొలనులతో కూడిన గదులు ఉన్నాయి. అతిథులను పడవలో అక్కడికి చేరుస్తారు. పత్రికలు దీనిని తెలంగాణ మాల్దీవులుగా వర్ణించాయి. వంతెన ఉన్న ద్వీపం వచ్చేవారందరికీ దారి ఇస్తుంది. పడవ మీద మాత్రమే చేరగల ద్వీపంలో ఎవరు దిగాలో నిర్వాహకులు నిర్ణయిస్తారు. అభిప్రాయ భేదాలలో చాలావరకు ఈ తేడా నుండే పుట్టాయి.

సందర్శకుల అభిప్రాయాలు

లక్నవరం వచ్చేవారిని స్థూలంగా మూడు రకాలుగా చెప్పవచ్చును. ఉదయం వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళే కుటుంబాలు మరియు విద్యార్థి బృందాలు మొదటి రకం. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్తూనో, రామప్ప దేవాలయం చూసి వస్తూనో దారిలో ఆగేవారు రెండవ రకం. రాత్రి బస కొరకే వచ్చేవారు మూడవ రకం. ఒకే ద్వీపాన్ని ఈ మూడు రకాలవారు మూడు విధాలుగా చూస్తారు.

రాత్రి బస చేసేవారికి ముఖ్యమైనది ఏకాంతం. రద్దీ లేకపోవడం, చుట్టూ నీరు, అడవి ఉండడం, దూరదేశం వెళ్ళనవసరం లేకుండా అటువంటి అనుభవం దొరకడం వారు మెచ్చే అంశాలు. వరంగల్ నుండి రెండు గంటల లోపు ప్రయాణం కావడం మరొక సౌలభ్యం. ఒకసారి ద్వీపం చేరిన తరువాత భోజనానికైనా, తిరుగు ప్రయాణానికైనా నిర్వాహకుల మీదనే ఆధారపడవలసి రావడం ఇందులోని ఇబ్బంది. ఒడ్డున ఉన్న హోటల్ నచ్చకపోతే మరొకదానికి వెళ్ళవచ్చును కాని ద్వీపంలో ఆ వీలు ఉండదు.

ఒక్కరోజు సందర్శకులకు ముఖ్యమైనవి ధర, అందుబాటు. ప్రవేశానికి, వాహనం నిలపడానికి, పడవకు వేర్వేరుగా చెల్లించవలసి వచ్చినప్పుడు పిల్లలతో వచ్చిన కుటుంబానికి ఖర్చు పెరుగుతుంది. ఇంటి నుండి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం చెట్టు కింద కూర్చుని తినడం వరంగల్ కుటుంబాల విహారయాత్రలో భాగం. వారి దృష్టిలో చెరువు కట్ట పదిమందీ కూర్చునే చోటు. మంచి ద్వీపాలన్నీ క్రమంగా విడుదులకే కేటాయిస్తే తమకు కట్ట మాత్రమే మిగులుతుందన్నది ఈ వర్గం నుండి వచ్చే ప్రధాన అభ్యంతరం.

నౌకావిహార సంస్థల ద్వీపాలతో పోలిక

నౌకా సంస్థలు సొంత ద్వీపాలు ఏర్పరచుకోవడం 1977లో మొదలైంది. ఆ సంవత్సరం నార్వేజియన్ సంస్థ బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే ద్వీపాన్ని కొన్నది. రాయల్ కరీబియన్ సంస్థ 1986 నుండి హైతీ ఉత్తర తీరంలోని లబాడీని కౌలుకు తీసుకొని వాడుకున్నది. 1998లో డిస్నీ సంస్థ కాస్ట్‌అవే కే ద్వీపాన్ని ప్రారంభించింది. 2019లో రాయల్ కరీబియన్ వారి కోకోకే ద్వీపం జలక్రీడలతో కొత్త రూపు దాల్చింది. 2025 జూలైలో కార్నివాల్ సంస్థ గ్రాండ్ బహామా ద్వీపంలో సెలబ్రేషన్ కీ అనే తీరాన్ని తెరిచింది.

ఈ తీరాలపై ప్రయాణికుల అభిప్రాయాలు రెండుగా చీలి ఉన్నాయి. శుభ్రత, భద్రత, టిక్కెట్టులోనే కలిసిన భోజనం, బేరమాడే అంగళ్ళ ఒత్తిడి లేకపోవడం అనుకూలంగా చెప్పే అంశాలు. ఇసుక తీరం ఉచితమైనా జలక్రీడలకు, ప్రత్యేక ఆవరణలకు అదనంగా వసూలు చేయడం, వేలమంది ఒకేసారి దిగడం, దేశం పేరు విన్నా ఆ దేశ ప్రజలను చూడకుండానే తిరిగి రావడం ప్రతికూలంగా చెప్పే అంశాలు.

ఈ చీలిక 2010లో తీవ్రంగా బయటపడింది. ఆ సంవత్సరం జనవరి 12న హైతీలో భూకంపం వచ్చి అపార ప్రాణనష్టం జరిగింది. కొద్ది రోజులకే విహార నౌకలు లబాడీకి తిరిగి వచ్చాయి. అదే దేశంలో శవాలు ఇంకా వెలికితీస్తుండగా తాము తీరంలో విందు చేసుకోలేమని కొందరు ప్రయాణికులు నౌక దిగలేదు. నౌకలు సహాయ సామగ్రిని కూడా తెచ్చాయని, అవి రాకపోతే స్థానికుల ఉపాధి పోతుందని మరికొందరు వాదించారు. రెండు వాదాలలోనూ సత్యం ఉన్నది. కంచె ఎంత ఎత్తు కట్టినా దానికి అవతలివైపు ఏమి జరుగుతున్నదో విహారయాత్రికుడికి సంబంధించిన విషయమేనని ఆ ఘటన చూపింది.

లక్నవరానికి, ఈ ద్వీపాలకు తేడాలు కూడా ఉన్నాయి. నౌకా ప్రయాణికుడు పెట్టే ఖర్చులో అధికభాగం ఒకే సంస్థకు చేరుతుంది. లక్నవరం అతిథి రోడ్డు మార్గాన వస్తాడు కనుక దారిలోని హోటళ్ళకు, పెట్రోలు బంకులకు, చిరు వ్యాపారులకు కొంత ఆదాయం అందుతుంది. పైగా ఇక్కడ యజమాని ప్రభుత్వమే కాబట్టి ప్రజలు ప్రశ్నించే వీలున్నది.

రుషికొండ ఉదంతం

తెలుగు ప్రాంతంలో ఇటువంటి ప్రశ్న సముద్రతీరంలోనూ వచ్చింది. విశాఖపట్నంలోని రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. 2023 జూలైలో అక్కడ రూ. 20 ప్రవేశ రుసుము విధించాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు నిరసనలు వ్యక్తం కావడంతో అధికారులు వెనక్కి తగ్గారు. మొత్తం చిన్నదే అయినా, సముద్రం చూడడానికి టిక్కెట్టు ఏమిటన్నది ప్రజల ప్రశ్న. నిర్వహణకు డబ్బు అవసరమన్న మాట నిజమే. 2025లో నిర్వహణ లోపాల వలన బ్లూ ఫ్లాగ్ తాత్కాలికంగా తొలగి, తరువాత తిరిగి లభించింది. అంటే రుసుము వద్దన్నవారు నిర్వహణ ఖర్చు ఎవరు భరించాలో కూడా చెప్పవలసి ఉంటుంది.

భద్రత

పడవ మీద ఆధారపడిన విహారంలో భద్రత మొదటి అంశం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడడానికి బయలుదేరిన రాయల్ వశిష్ట పడవ గోదావరి వరదలో కచ్చులూరు వద్ద మునిగింది. అందులోని 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. మృతులలో వరంగల్ సమీపంలోని కడిపికొండ గ్రామస్థులు పలువురు ఉన్నారు. ఈ కారణంగా లైఫ్ జాకెట్లు, పడవ సామర్థ్యం, వాతావరణ హెచ్చరికలు వంటి విషయాలు వరంగల్ ప్రజలకు కేవలం నిబంధనల పుస్తకంలోని మాటలు కావు.

ములుగు జిల్లాలో వర్షాలు కూడా అసాధారణంగా ఉండవచ్చును. 2023 జూలైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. అదే సమయంలో ఇదే జిల్లాలోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్ళిన పర్యాటకులు అడవిలో చిక్కుకొనగా సహాయక దళాలు వారిని బయటకు తీసుకువచ్చాయి. ద్వీపంలో రాత్రి బస చేసేవారిని అటువంటి రోజున ఒడ్డుకు చేర్చే ఏర్పాటు ఉండడం అక్కడి ఈత కొలనుల కంటే ముఖ్యం.

సాగునీరు మరియు పర్యావరణం

ద్వీపపు అందం నీటి మట్టం మీద ఆధారపడి ఉన్నది. పైర్లకు నీరు వదిలినప్పుడు చెరువు మట్టం తగ్గుతుంది. వేసవిలో ద్వీపాల చుట్టూ ఒండ్రు నేల బయటపడుతుంది. వర్షాలు సరిగా లేని సంవత్సరంలో నీటిని పొలాలకు వదలాలా, పడవల కొరకు నిలపాలా అనే సందేహం తలెత్తితే సమాధానం స్పష్టంగా ఉండాలి: చెరువు ఆయకట్టు రైతులది. అట్లే విడుదుల మురుగు నీరు, ప్లాస్టిక్ వ్యర్థాలు చెరువులో కలిస్తే చివరకు చేరేది పొలాలకే. ద్వీపం నుండి చెత్తను ఒడ్డుకు తేవడానికి కూడా పడవే కావాలి కాబట్టి దీనికి అదనపు ఖర్చు, శ్రద్ధ అవసరం.

విశ్లేషణ

ద్వీప విడుదులు పూర్తిగా తప్పని గాని, పూర్తిగా మేలని గాని చెప్పడానికి వీలులేదు. వాటి ఆదాయం వంతెనలు, కట్ట, మరుగుదొడ్లు, పడవల నిర్వహణకు ఉపయోగపడితే ఒక్కరోజు సందర్శకుడికి కూడా లాభమే. అది జరుగుతున్నదో లేదో తెలియాలంటే లెక్కలు బహిరంగంగా ఉండాలి. 13 ద్వీపాలలో ఎన్ని బస కొరకు, ఎన్ని అందరి కొరకు, ఎన్ని పక్షులకు, అడవికి విడిచిపెట్టాలో ముందుగానే నిర్ణయించి ప్రకటించడం మరొక అవసరం. నౌకా సంస్థల ద్వీపాల అనుభవం ప్రకారం, ధర ఎంత అన్నదానికంటే దేనికి చెల్లిస్తున్నామో ముందుగా తెలియకపోవడమే ప్రయాణికుల అసంతృప్తిని పెంచుతుంది. లక్నవరంలో మరొక సంగతి కూడా ఉన్నది. ఇక్కడ డబ్బు చెల్లించని రైతు కూడా ఈ నీటికి హక్కుదారుడే.

ఇవి కూడా చూడండి

పాకాల చెరువు
రామప్ప దేవాలయం
మేడారం జాతర
పాపికొండలు
రుషికొండ