గాల్లో ముప్పావు గంటే, మరి మన గడప నుంచి?

రైతన్నలారా, కొత్తగూడెం దగ్గర విమానాశ్రయం మాట ఏళ్ల తరబడి నానుతూనే ఉంది. 2025లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్లొచ్చి స్థలం చూశారు, పనికిరాదని తేల్చారు. అయినా "విమానం వస్తే ముప్పావు గంటలో హైదరాబాద్" అనే మాట ఆగలేదు. ఆ ముప్పావు గంట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒకసారి లెక్కేద్దాం.

ఇప్పుడు మనకు దగ్గర్లో ఉన్నవి రెండు విమానాశ్రయాలు. ఒకటి విజయవాడ పక్కన గన్నవరం, ఇంకోటి రాజమండ్రి పక్కన మధురపూడి. ఆకాశమార్గాన ఆ రెంటి మధ్య దూరం సుమారు 125 కిలోమీటర్లు. ఏటీఆర్ లాంటి చిన్న విమానానికి అరగంట పని. భద్రాచలం నుంచి గన్నవరానికీ దాదాపు అంతే, మధురపూడికి ఇంకాస్త తక్కువ. మ్యాపు మీద మూడు చుక్కలు కలిపి చూడండి, మూడు పక్కలూ ఇంచుమించు సమానమే.

కానీ మనం పిట్టలం కాదు కదా. మధ్యలో గోదారి, పాపికొండలు, అడవి. మధురపూడి పోవాలంటే చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దిగాలి, లేదంటే అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం చుట్టు తిరగాలి. ఎటు పోయినా నాలుగు గంటలు. గన్నవరానికీ అంతే.

సరే, కొత్తగూడెంలోనే విమానాశ్రయం కట్టారనుకుందాం. భద్రాచలం నుంచి అక్కడికి గంట. ముందుగా పోయి కూర్చునేది గంటన్నర. గాల్లో ముప్పావు గంట. దిగి సామాను తీసుకునేసరికి అరగంట. శంషాబాద్ నుంచి నిమ్స్‌కు ఇంకో గంట. మొత్తం ఐదు గంటలకు కాస్త తక్కువ. బస్సులో ఏడు గంటలు. అంటే మిగిలేది రెండు గంటలు. చర్ల వాళ్లయితే అటు విమానానికైనా ఇటు బస్సుకైనా భద్రాచలం దాకా గంటన్నర ముందు కలుపుకోవాల్సిందే.

ఆ రెండు గంటలు కొందరికి విలువైనవే, కాదనను. కానీ భూమి ఇచ్చేది మనం. మిర్చి బస్తా విమానమెక్కదు, ఖమ్మం మార్కెట్‌కు లారీలోనే పోతుంది. పైగా కట్టినంత మాత్రాన విమానం తిరుగుతుందన్న భరోసా ఏది? ఉడాన్ పథకం మూడో విడత దాకా 774 రూట్లు ఇచ్చారు. మూడేళ్ల రాయితీ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమేనని కాగ్ నివేదికే చెప్పింది. విమానం ఆగిపోతే కంపెనీ ఇంకో ఊరికి నడుపుకుంటుంది. పోయిన చెలక మాత్రం మళ్లీ రాదు.

మన అవసరం రైలు. పేరుకు భద్రాచలం రోడ్ స్టేషన్, ఉండేదేమో కొత్తగూడెంలో, రాముడి గుడికి 40 కిలోమీటర్ల దూరాన. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ పాండురంగాపురం నుంచి భద్రాచలం మీదుగా మల్కన్‌గిరికి 173 కిలోమీటర్ల లైను మంజూరు చేసింది. ముందు అది పూర్తి చేయమని అడుగుదాం. సరుకు పోతుంది, రోగి పోతాడు, చదువుకునే పిల్లలు పోతారు.

రేపు ఇంకో స్థలం చూశామంటూ ఎవరైనా మీ ఊరొస్తే గ్రామసభలో మూడే ప్రశ్నలు అడగండి. మా గడప నుంచి మొత్తం ఎన్ని గంటలు? రాయితీ అయిపోయాక విమానం నడుపుతారని రాసిస్తారా? పట్టా లేని పోడు రైతుకు ఎంత ఇస్తారు? వాటికి జవాబు కాగితం మీద వచ్చేదాకా సంతకం పెట్టొద్దు.