కోలియస్ కొన గిల్లండి
కడియం నర్సరీల నుంచి వచ్చే కోలియస్ మా వీధిలో ప్రతి బాల్కనీలోనూ కనిపిస్తుంది. సగం ఇళ్లలో గడకర్రలా పెరిగి, కింది ఆకులు రాల్చేసి, నెత్తిన నీలిపూల వెన్నులతో నిలబడుతుంది. పూలొచ్చాయని మురిసిపోతారు! నాకైతే ఒళ్లు మండుతుంది. దాని అందమంతా ఆకులోనే ఉంది. తులసికి చుట్టమే కదా; తులసి వెన్నులు తుంచే చెయ్యి దీని దగ్గర ఎందుకు ఆగాలి? జానెడు ఎదగగానే ఆకుల జంటకు కాస్త పైన కొన గిల్లేయాలి. కొనలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోన్ పక్క మొగ్గల్ని అణచి ఉంచుతుంది. ఆ కొన పోతే రెండు కొమ్మలు లేస్తాయి. కొన్నాళ్లకు వాటినీ గిల్లాలి. నీడ మరీ ఎక్కువైతే మాత్రం ఎంత గిల్లినా సాగుతూనే ఉంటుంది, కుండీని పొద్దుటెండకు జరపాల్సిందే. గిల్లిన కొనల్ని పారేయకండి. గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి, నర్సరీలో మళ్లీ కొనక్కర్లేదు.