బొటనవ్రేలంత వాల్వు

పది సంవత్సరములు నమ్మకముగ నడచిన నా పెట్రోలు కారు, గత వర్షాకాలమున, నిలిపిన చోటనెల్ల నేలపై నల్లని నూనెమరక విడిచిపోవ నారంభించినది. ఒక షెడ్డులో చూపగా, మెకానిక్కు టార్చి పట్టుకొని కారు క్రిందికి దూరి, క్రాంకు వెనుకనున్న ఆయిల్ సీలు పోయినదని నిర్ణయించి, గేరుబాక్సు దింపి క్రొత్త సీలు వేసెను. మూడు మాసములు తిరుగక మునుపే మరల మరక కనబడెను. రెండవ సీలును పాడైన పిమ్మట వేరొక షెడ్డునకు పోతిని. అచ్చటి వృద్ధుడు కారు క్రిందికి దూరనే లేదు, బానెట్టు తెరచి, ఇంజను మూతపై నున్న రబ్బరు గొట్టము నూడలాగి, దాని మొదట నున్న బొటనవ్రేలంత వాల్వును చెవి దగ్గర ఆడించి, "సీలుదేం తప్పు లేదు బాబుగారూ, ఇది మూగబోయింది. ఆవిరి పోవడానికి దారి లేక సీలును తోసేస్తోంది" అనెను. క్రొత్త వాల్వునకైన వ్యయము, గేరుబాక్సు దింపిన కూలిలో పదవ వంతు కూడ కాదు.

పిస్టను రింగు లెంత బిగువుగ నున్నను, సిలిండరులోని పేలుడు ఒత్తిడికి కొంత వాయువు వాని సందులనుండి క్రిందికి జారి, క్రాంకుషాఫ్టు తిరుగు గదిని, అనగా క్రాంకుకేసును, చేరుట తప్పదు. ఆ వాయువులో కాలని పెట్రోలు ఆవిరియు, నీటి ఆవిరియు, ఆమ్లములను పుట్టించు దహనశేషములును ఉండును. అది యచ్చటనే నిలిచెనా, ఇంజనాయిలు చెడి అడుగున జిగురు మడ్డి పేరుకొనును. ఒత్తిడి పెరిగెనా, బలహీనమైన సీలును వెదకికొని నూనెను బయటికి నెట్టును. పూర్వపు కార్లలో ఈ పీడకు విరుగుడుగ ఒక గొట్టమును రోడ్డువైపునకు వ్రేలాడదీసెడివారు. బండి పరుగెత్తునపుడు గొట్టపు మొన కడ వీచు గాలి లోపలి ఆవిరిని లాగివేసెడిది. బండి నిలిచిన లాగుటయు నిలిచెడిది. లాగినదంతయు వీధిని పోవువారి ఊపిరితిత్తుల పాలు.

లాస్ ఏంజెలిస్ నగరమును క్రమ్మి కన్నులు మండించిన ధూమమునకు, వాహనాదుల నుండి వెలువడు హైడ్రోకార్బనులును నైట్రోజన్ ఆక్సైడులును సూర్యరశ్మిలో రూపాంతరము నొందుటయే మూలమని, ఆరీ హాగెన్-స్మిట్ అను రసాయనశాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో తేల్చెను. కారు విడుచు హైడ్రోకార్బనులలో సుమారు అయిదవ వంతు ఈ క్రాంకుకేసు దారినే పోవుచుండెను. ఆ ఆవిరిని వీధికి విడువక ఇంజనులోనికే మరల పంపు ఈ వాల్వును కాలిఫోర్నియా రాష్ట్రము 1961లో కోరగా, అమెరికా యందంతట అది 1963 మోడలు కార్లకు గాని రాలేదు. ఇట్టి సాధనముల రాకను కూడబలుకుకొని జాప్యము చేసిరని కార్ల తయారీదారులపై అచ్చటి ప్రభుత్వమే 1969లో దావా వేసి, ఆ యేడే రాజీతో ముగించినది. ఒక స్ప్రింగు, ఒక లోహపు కాడ: ఇంతటి యల్పవస్తువునకా అంతటి మంత్రాంగము!

ఐనను ఆ యల్పవస్తువు చేయు పని చూడదగినది. కారు నిలిచి ఇంజను ఐడిలింగులో నున్నపుడు, థ్రాటిల్ మూసియుండుటచే ఇన్‌టేకు మానిఫోల్డున పీల్చుబలము మిక్కుటముగ నుండును; అది కాడను స్ప్రింగున కెదురుగ లాగి మార్గమును ఇరుకు చేయును. అప్పుడు క్రిందికి జారు వాయువును స్వల్పమే. రోడ్డెక్కి సమవేగమున సాగునపుడు ఆ బలము తగ్గి, స్ప్రింగు కాడను వెనుకకు నెట్టి, దారి విశాలమగును. ఘాటురోడ్డున యాక్సిలేటరు పూర్తిగ త్రొక్కితిమా, వాల్వు తెరచియే యున్నను లాగు బలము దాదాపు నశించును. మిగులు ఆవిరి, ఎయిర్ ఫిల్టరు వైపునకుండు రెండవ గొట్టము వెంబడి పోయి, ఇంజను పీల్చు గాలిలో కలిసి సిలిండరులోనే కాలిపోవును. ఇంజను ఎదురు పేలిన సమయమున మంట క్రాంకుకేసును చేరకుండ కాడ దారిని మూసివేయును. లాగువాడు బలవంతుడైనపుడు తలుపు దగ్గరగ వేసి, నీరసించినపుడు బార్లా తెరచు ఈ ద్వారపాలకుని నేర్పు నన్ను ముగ్ధుని చేసినది.

ఇట్టిదానిని మన షెడ్లలో కొందరు అడ్డుగ తలచుచున్నారు. ఎయిర్ ఫిల్టరులోనికి నూనె వచ్చుచున్నదని గొట్టమును ఊడదీసి క్రిందికి వ్రేలాడవిడుతురు. అనగా కారును అరువది యేండ్ల వెనుకకు తీసికొనిపోవుదురు. పొల్యూషన్ సర్టిఫికెట్టు ఇచ్చువారు పెట్రోలు బండికి సైలెన్సరు గొట్టమున సాధనమును దూర్చి చూతురే గాని, బానెట్టు తెరచి ఈ వ్రేలాడు గొట్టమును చూడరు. ఒక్కసారి కన్ను వేయుటకు అర నిమిషము చాలును. ఆ పరీక్షలో దీనిని చేర్పకపోవుట నా దృష్టిలో లోపమే. రింగులే అరిగిపోయిన ఇంజనుకు ఈ వాల్వు మందు కాదనుట నిజము. కాని మంచి ఇంజనును మడ్డి పాలు చేయుట కిది మూగబోవుట చాలును.

క్రొత్త కార్లు కొన్నింట వాల్వు ఇంజను మూతలోనే యిమిడి చేతి కందదు. అట్టివానికి ఐడిలింగులో ఆయిలు మూత తీసి, రంధ్రముపై పలుచని కాగితముంచి, లోనికి పీల్చుచున్నదో పైకి విసరుచున్నదో చూడవచ్చును. మీ కారుకు ఆయిలు మార్పించు రోజున వాల్వు నాడించియో, కాగితముంచియో చూపుమని అడుగుడు. ఊడదీసిన గొట్టమున్నచో మీ యెదుటనే మరల తగిలింపజేయుడు.