గడియారం ఆగింది, పని నేర్చిన చెయ్యి ఆగలేదు

తెల్లారక ముందే కుప్పం స్టేషన్‌కు పోయి చూడండి. టిఫిన్ క్యారియర్ పట్టుకోని మన పిల్లోళ్లు బెంగళూరు రైలుకు కాచుకోనుంటారు. మదనపల్లె, పుంగనూరు పిల్లోళ్లు బస్సెక్కుతారు. ఎందుకప్పా అంటే "ఈడ ఏముందన్నా?" అంటారు. నిజమే. మరి ఆడ ఎందుకుండాదో ఎప్పుడన్నా అడిగినామా?

బెంగళూరు పుట్టుకతోనే ఫ్యాక్టరీల ఊరేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడస్తా ఉండంగా, 1940లో, వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి ఆడ విమానాల ఫ్యాక్టరీ పెట్టినాడు. అదే ఇప్పటి హెచ్‌ఏఎల్. యుద్ధం అయిపోయి స్వాతంత్ర్యం వచ్చినాక 1948లో టెలిఫోన్ల ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్ వచ్చినాయి. అన్నీ సర్కారు సొమ్ముతోనే.

వీటిల్లో హెచ్‌ఎంటీ కత తెలుసుకోవాల. మనకు హెచ్‌ఎంటీ అంటే తాత చేతి గడియారం. ఆ గడియారాలు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో మొదలైనాయి. అంతకు ముందే స్విట్జర్లాండ్ ఓర్లికాన్ కంపెనీ సాయంతో లేత్ మిషన్లు చేసింది. అంటే మిషన్లను చేసే మిషన్లు. ఊరికి కొలిమి ఎట్లో దేశానికి లేత్ అట్ల. అది లేకుంటే బోరు మోటరూ లేదు, ట్రాక్టరూ లేదు.

పిల్లోళ్లను అప్రెంటీసులుగా తీసుకోని పని నేర్పించింది. క్వార్టర్సు, బడి, ఆస్పత్రి కట్టించింది. పెద్ద ఫ్యాక్టరీలకు సామాన్లు చేసిచ్చే చిన్న షెడ్లు పీణ్యాలో వందల్లో లేచినాయి. హోసూరులో టైటాన్ పెట్టినప్పుడు హెచ్‌ఎంటీలో ఆరితేరినోళ్లే శానామంది ఆడికి పోయినారు.

హెచ్‌ఎంటీ మన రాష్ట్రానికీ వచ్చింది, 1965లో. యాడికి? హైదరాబాదుకు. సీమకు రాలేదు.

సర్కారు కంపెనీ కాబట్టి తప్పే చెయ్యలేదని నేను అనను. లోకమంతా క్వార్ట్జ్ గడియారాలకు మళ్లుతా ఉంటే ఇది కీ ఇచ్చే గడియారాలనే ఎక్కువ నమ్ముకోనింది. నష్టాల్లో మునిగింది. గడియారాల కంపెనీని మూసేదానికి 2016లో కేంద్రం ఒప్పుకునింది. అయినా బెంగళూరు కూలిపోలేదు. యాలంటే పని జనం చేతుల్లోకి ఎప్పుడో వచ్చేసింది.

మన పక్కనే ఉండే కేజీఎఫ్‌ను చూడండి. నూరేండ్లకు పైగా బంగారం తవ్వినారు. 2001లో గని మూసేసినారు. తీసిన బంగారం యాడికో పోయింది, గని పని ఇంకో తావున పనికి రాలేదు. ఇప్పుడు ఆడి బిడ్డలూ మన మాదిరే పొద్దున్నే బెంగళూరు రైలు ఎక్కుతా ఉండారు. బంగారం పండిన ఊరికే ఈ గతి పట్టిందంటే, ఒట్టి భూమి ఇచ్చి మురిసిపోయే మనకేం మిగల్తాది?

మనకు ఏమీ లేదనేది అబద్ధం. మదనపల్లె టమోటా ఉండాది, పట్టు మగ్గాలుండాయి, కుప్పం గ్రానైటు ఉండాది. టమోటాను గుజ్జు చేసేదానికి, రాయి కోసేదానికి మిషన్లు కావాల. ఆ మిషన్లను చేసేటోళ్లు, బాగు చేసేటోళ్లు మన పిల్లోళ్లే ఎందుకు కాకూడదు?

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు ఏ నాయకుడైనా కొబ్బరికాయ కొట్టి "ఇన్ని కోట్లు, ఇన్ని ఎకరాలు" అంటే చప్పట్లకు ముందు మూడు మాటలు అడగండి. మా పిల్లోళ్లల్లో ఎంతమందిని అప్రెంటీసులుగా తీసుకుంటారు? వాళ్లకు నేర్పించేది మిషన్ పనా, గేటు కాడ కాపలానా? మీకు కావాల్సిన సామాన్లు చేసే చిన్న షెడ్లు మా ఊర్లల్లో పెట్టిస్తారా?

ఏ పార్టీ వోళ్లు వచ్చినా ఇవే అడగండి. జవాబు రాకుంటే భూమి కాగితాల మీద సంతకం పెట్టొద్దండి. కంపెనీ ఏనాడైనా మూతపడొచ్చు, నేర్చుకున్న పని మాత్రం మన చేతిలోనే ఉంటాది.